లేదని చెప్పుడు రానోళ్లు

నేను చదివింది నాలుగో తరగతి. అది గూడ పూర్తిగ కాదు. దసరా సెలవులకు ఇంటికి వచ్చినదాన్ని పత్తి ఏరాల్నని మళ్ల బడికి పంపలే. అటువంటిదాన్ని డిగ్రీ కాలేజీల తల పండేదాంక ఉన్న. పాఠాలు చెప్పలే. గంట కొట్టిన, బల్లలు తుడిచిన, స్కాలర్‌షిప్ రూము తలుపు కాడ స్టూలేసుకొని కూసున్న. మా కాలేజీ యజమానికి సూర్యాపేటల ఒకటి, కోదాడల ఒకటి, మిర్యాలగూడల ఒకటి కాలేజీలు ఉండె. ఏ ఊర్లె మనిషి తక్కువైతే ఆ ఊరికి నన్ను పంపేటోడు. పిల్లలకు నేను ఆయమ్మను. పేరు ఎవ్వరూ అడగలే, నేను చెప్పలే.

ఇప్పుడు మా మనుమరాలు గట్లాంటి కాలేజీలనే ఆఫీసు పనికి కుదిరింది. అది గూడ స్కాలర్‌షిప్ సెక్షనే. "అమ్మమ్మా, గాడ ఏం చెయ్యాలె?" అని అడిగింది. నోటితోని చెప్తే ఫోను చూసుకుంట వింటది. అందుకే రాస్తున్న. కొత్త కాయితాలు కొనలే. ఒకపక్క అచ్చేసిన పాత నోటీసుల వెనుక రాస్తున్న. ఇది గూడ నేర్చుకో.

ముందు రెండు చిన్న సంగతులు చెప్త. అటెన్క శిరీష సంగతి. ఆ పిల్ల చదువు ఒక్క మాట మీద ఆగింది. ఆ మాట అన్నది పగోడు కాదు, కన్నతండ్రి.

ఆ రూముల జరిగేది

లేని ఇంటి పిల్ల డిగ్రీ చదువాల్నంటే సర్కారు రెండు తీర్ల సాయం చేస్తది. ఒకటి కాలేజీ ఫీజు. అది కాలేజీకి పోతది. రెండోది పిల్ల ఖర్సులకు. అది బ్యాంకు ఖాతాల పడ్తది, పడ్డనాడు. ఇవి లేకుంటే నేను తుడిచిన బల్లల మీద చానామంది కూసునేటోళ్లే కాదు. నేను ఇప్పుడు చాలా ఎక్కిరిస్త గని, ఈ ముక్క ఎక్కిరింపు కాదు. గుర్తు పెట్టుకో.

అయితే ఆ సాయం రావాల్నంటే "మాకు లేదు" అని రుజువు చేసుకోవాలె. డిగ్రీల మొదటి పరీక్ష లెక్కలది కాదు, ఇంగ్లీషుది కాదు. లేమిది. ఇంట్ల తక్కువున్నోళ్లే ఎక్కువ తప్పుతరు ఇందుల. ఎట్లనో ముందుకు చెప్త.

మా కరస్పాండెంట్ సారు, అంటే కాలేజీ యజమాని, ఏటా జెండా పండుగ నాడు మైకుల చెప్పేటోడు: "ఈ పేద పిల్లలకు నేను చదువు పెడ్తున్న." ఆ పిల్లల పేరు మీద వచ్చిన ఫీజులతోనే ఆయన బిల్డింగు మీద ఇంకో అంతస్తు లేచింది. ఎవరు ఎవరికి పెడ్తున్నరో దేవునికే ఎరుక. పైసలు ఆలస్యమైతే మాత్రం ఆయన పిల్లల సర్టిఫికెట్లు బీరువల పెట్టి తాళమేసేటోడు. సర్కారును అడిగితే "ఇచ్చినం" అంటది. సారును అడిగితే "రాలే" అంటడు. నడుమ పిల్ల నిలబడి ఉంటది. ఆ రూముల కుర్చీలు తక్కువేం లేకుండె. అయినా పిల్లను కూసొమ్మన్నోన్ని నేను చూడలే.

ఫ్రెండు బండి

మిర్యాలగూడల చేసినప్పుడు బియ్యం మిల్లు గల్ల ఇంటి పిల్లగాడొకడు ఆదాయం కాయితం తీస్కొని వచ్చిండు. బండి చప్పుడు వాని కంటె ముందే లోపలికొచ్చింది. కాయితంల చూస్తే వాళ్ల నాయన ఆదాయం మా ఊరి హమాలోళ్ల కంటె తక్కువున్నది. నాకు నోరూకోదు.

"ఏం బిడ్డా, గంత పెద్ద బండి ఎవరిది?"

"మా ఫ్రెండుది ఆయమ్మా."

"చేతికున్న గడియారం?"

"అది గూడ ఫ్రెండుదే."

"నిన్న మీ అమ్మ కార్ల నుంచి దిగంగ చూసిన. కారు?"

"గది... వేరే ఫ్రెండుది."

"ఇంతమంది ధర్మాత్ములున్నోనికి సర్కారెందుకురా? ఫీజు గూడ వాళ్లనే కట్టుమను."

స్కాలర్‌షిప్ క్లర్కు సత్యం, ఆయన్ని గూడ సారు నా లెక్కనే ఊరూరు తిప్పేటోడు, తల ఎత్తకుండ అన్నడు, "నీకెందుకు ఆయమ్మా. కాయితం మీద పేదోడే. కాయితం పేదోడు చెల్తడు."

తర్వాత తెల్సింది. మిల్లు తాత పేరు మీద, ఇల్లు తల్లి పేరు మీద, బండి ఫ్రెండు పేరు మీద ఉన్నయట. పిల్లగాని తండ్రి పేరు మీద పేదరికం ఒక్కటే ఉన్నది. ఆ కాయితం తొందరగ చూడుమని సత్యానికి చెప్పింది ఎవరో కాదు, కరస్పాండెంట్ సారే. దూరపు చుట్టమట.

ఆ పిల్లగాడు మిషన్ మీద వేలు పెట్టంగనే ముద్ర పడ్డది. ఎందుకు పడదు? ఆ వేలు ఏ పని చేసిందని అరిగిపోతది?

నాట్లకు పోయిన వేళ్లు

ఈ ముద్ర సంగతి కోదాడల చూడాలె. స్కాలర్‌షిప్ కావాల్నంటే పిల్ల స్వయంగ వచ్చి మిషన్ మీద వేలు పెట్టాలె. ఒక పిల్ల పెడ్తది, మిషన్ కూయది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. గాడ ఉన్న ప్రిన్సిపాల్ సారు మాట ఆంధ్రా దిక్కుది, నెమ్మదస్తుడు.

"ఏమ్మా, నీ వేలిముద్ర పడట్లేదేంటి? సబ్బుతో శుభ్రంగా కడుక్కుని రామ్మా."

"కడిగిన సార్."

"మరి ఏమైనట్టమ్మా నీ గీతలు?"

"నాట్లకు పోయినయ్ సార్."

వెనుకున్నోళ్లు నవ్విండ్రు. పిల్ల నవ్వలే. దానికది నవ్వులాట కాదు. కారంత, అంటే పంటకాలమంత, బురదల నాటేసిన వేళ్లు. ప్రిన్సిపాల్ సారు అద్దాలు తీసి తుడుచుకున్నడు. "అయితే కొన్నాళ్లు పనికి వెళ్లకుండా, చేతులకి నూనె రాసుకుని రామ్మా" అన్నడు. మంచి మాటే. పనికి పోకుంటే ఇంట్ల నూనె యాడికెల్లి వస్తదో సారుకు తోచలే. నేనే ఇంటికాడి కొబ్బరినూనె సీసల అడుగున మిగిలింది తెచ్చి ఇచ్చిన. కొత్త సీస కాదు, అంత ఉదారం నాకు లేదు. నాట్లు అయిపోయినంక ఆ పిల్ల మళ్ల వచ్చింది. అప్పుడు పడ్డది ముద్ర.

లేనోళ్లకే ఇయ్యాల్నని మిషన్ పెట్టిండ్రు. లేనోళ్ల వేలునే అది గుర్తుపట్టలే.

మాకేం తక్కువ

ఇగ శిరీష. సూర్యాపేట కాలేజీల బీఎస్సీ మొదటి సంవత్సరం. ఆత్మకూరు పక్క పల్లె. రోజూ బస్సుల వచ్చేది, బస్సుల పోయేది. టిఫిన్ డబ్బ కడుక్కొని అందుల్నే నీళ్లు తాగేది, సీస కొనకపోయేది. అందుకే నాకు నచ్చింది.

ఒకనాడు స్కాలర్‌షిప్ రూము కిటికీ కాడ నిలబడ్డది. సత్యం కంప్యూటర్ల చూసి, "నీది రాదు. మీ నాయన ఆదాయం ఎక్కువున్నది" అన్నడు.

"ఎక్కువ ఏంది సార్?"

"నన్నడుగుతవేంది? మీ నాయన్ని అడుగు. పెద్ద రైతట గదా."

కరస్పాండెంట్ సారు గట్టిగ చెప్పిండు. ఫీజు కట్టాలె, లేకుంటే మానెయ్యాలె. సూర్యాపేటల ఒక బట్టల దుకాణపాయన ఆ పిల్లను ముందే అడిగి పెట్టిండు, చీరలు మడత పెట్టే పనికి. దుకాణం, కాలేజీ ఒక్క రోడ్డు మీదనే. పొద్దున బస్సు దిగి ఎడమకు పోవాల్నా, కుడికి పోవాల్నా అనేదే మిగిలింది.

మర్నాడు తండ్రి లింగయ్య వచ్చిండు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, జేబుల కలం. రాంగనే రూముల ఉన్నోళ్లందరికీ చాయ్ తెప్పిచ్చిండు. సత్యానికి, నాకు, ఆఖరికి ఫ్యాను బాగు చేస్తున్న ఆయనకు గూడ. లేనోడు చాయ్ తాగిపిస్తుంటే నాకు కడుపుల మంట. తాగిన, పారబొయ్యరాదు గదా.

"ఏమయ్యా లింగయ్యా, నీకు భూమెంత?" అన్న.

"పదెకరాలు చేస్తున్న అక్కా."

"చేసేది అడగలే. ఉన్నదెంత?"

"చేస్తున్న గదా."

వెనుకకెల్లి శిరీష అన్నది, "గుంట గూడ లేదు ఆయమ్మా. మొత్తం కౌలే."

"నువ్వూకో బిడ్డా, పెద్దోళ్లు మాట్లాడుతుండ్రు" అన్నడు లింగయ్య. చాయ్ గ్లాసు బల్ల మీద ఇటు జరిపి అటు పెట్టిండు.

"మరి గిర్దావరు సారు విచారణకు వచ్చినప్పుడు ఏం చెప్పినవ్?" గిర్దావరంటే తాసీల్దారు ఆఫీసు నుంచి వచ్చి, మనకు ఏమున్నదో అరుసుకొని పోయే సారు. ఇప్పుడు ఇంకేదో ఇంగ్లీషు పేరుతోని పిలుస్తరు.

"చాయ్ హోటల్ కాడ అడిగిండక్కా. ఏం లింగయ్యా, ఎట్లున్నవ్ అన్నడు. మాకేం తక్కువ సారూ, పదెకరాలు చేస్తున్న అన్న."

"ఆయన రాసుకున్నడు."

"రాసుకుంటడని నాకేమెరుక? ఊకనే మంచిచెడ్డ మందలించిండు అనుకున్న."

సత్యం ఫక్కున నవ్విండు. నాకు నవ్వు రాలే. మా దిక్కు ఎవరినైనా ఎట్లున్నవని అడుగు. మాకేం తక్కువ అంటడు. జ్వరంతోని ముసుగు తన్ని పండుకున్నోడు గూడ అదే అంటడు. అది జవాబు కాదు, దండం అసొంటిది. దండాన్ని ఆదాయం కింద రాసుకున్న మొగోడు ఆ గిర్దావరే.

అయినా లింగయ్యను వదలలే. "ఆ ఒక్క పూట నోరు కట్టుకుంటే నీ సొమ్మేం పోయేది? నీ మర్యాద ఇస్త్రీ మడత నలగలే. పిల్ల చదువు నలిగింది" అన్న.

అప్పుడు లింగయ్య గొంతు తగ్గించిండు. "మర్యాద కాదక్కా. ఆ బెంచి మీదనే భూమి గల్లాయన కూసున్నడు. ఆయన ముంగట నాకేం లేదంటే వచ్చే కారు కౌలుకిస్తడా? పక్కన ఎరువుల దుకాణమాయన ఉన్నడు. లేదన్నోనికి ఉద్దెర పెడ్తడా? లేదని చెప్పాల్నన్నా కొంచెం ఉండాలె అక్కా."

నేను చాయ్ గ్లాసులు ఏరి పక్కకు పెట్టిన. సత్యం కంప్యూటర్ల లేనిదాన్నేదో చూసుకుంట కూసున్నడు.

మిల్లు పిల్లగాని తండ్రి గుర్తొచ్చిండు. ఆయన లేదని సులువుగ చెప్పిండు. ఎందుకంటే ఆ మాట అన్నందుకు ఆయన మిల్లుల ఒక్క గింజ తగ్గదు. లింగయ్య ఆ మాట అంటే మర్నాడు పొలం ఉండది.

కరస్పాండెంట్ సారు కాడికి నేనే పోయిన. "ఆ పిల్లకు మళ్ల కాయితం తెచ్చుకోనికి జర సమయమియ్యిండ్రి సారూ."

"కాలేజీ ధర్మసత్రం కాదు ఆయమ్మా. పదెకరాల రైతుకు బిడ్డ ఫీజు కట్టబుద్ధి కాదా?"

"ఆ పదెకరాలు ఆయనవి కావు సారూ. మిల్లు గూడ మీ చుట్టానిది కాదు గదా, గట్లనే."

సారు రూము తలుపు దిక్కు చూసిండు. "స్కాలర్‌షిప్ అర్జీల సైటు మూసేదాంక ఆగుత. అటెన్క నన్నడగొద్దు" అన్నడు. దయ కాదు అది. ఆ తలుపు తెరిచే ఉన్నది, బయట సత్యం వింటుండు.

మళ్ల అదే బెంచి

లింగయ్య మళ్ల అర్జీ పెట్టిండు. గిర్దావరు మళ్ల వస్తడని కబురొచ్చింది. శిరీష నా కాడికొచ్చి, "ఆయమ్మా, నువ్వు గాడ ఉంటే మా నాయన నోరు అదుపుల పెట్టుకుంటడు. జర రా" అన్నది. ఆడోళ్లకు బస్సు ఫ్రీ గనుక పోయిన. టికెట్ పెట్టుకోవాల్నంటే పోకపోదును.

ఇంటికాడికి రమ్మంటే బాగుండు. గిర్దావరు చాయ్ హోటల్ కాడనే ఆగిండు, విచారణంటే నలుగురి ముంగట జరగాలెనట. అదే బెంచి. భూమి గల్లాయన ఉన్నడు, కాలు మీద కాలేసుకొని. ఎరువుల దుకాణమాయన ఉన్నడు. ఊరు ఊరంత అప్పుడే చాయ్ తాగాల్నని అనుకున్నట్టున్నది.

"ఏం లింగయ్యా," అన్నడు గిర్దావరు, "పోయినసారి పదెకరాలంటివి. ఇప్పుడు ఏం లేదని రాసిచ్చినవ్. ఏది నిజం?"

అందరు మలిగి చూసిండ్రు. లింగయ్య భుజం మీది తువ్వాల తీసి మళ్ల వేసుకున్నడు. భూమి గల్లాయన దిక్కు చూసిండు, దుకాణమాయన దిక్కు చూసిండు. బిడ్డ దిక్కు చూడలే.

"మాకేం తక్కువ సారూ..." అన్నడు.

శిరీష కండ్లు మూసుకున్నది. నాకైతే చెప్పు తియ్యాల్ననిపిచ్చింది. కొత్త చెప్పులు, అందుకే ఆగిన. గిర్దావరు కలం కాయితం మీద పెట్టిండు.

"...భూమొక్కటే తక్కువ" అన్నడు లింగయ్య.

హోటల్ ఒక్కసారి గొల్లుమన్నది. చాయ్ పోసే ఆయన నవ్వుకుంట గ్లాసుల పోసేది సాసర్ల పోసిండు. భూమి గల్లాయన గూడ నవ్విండు. ఆయన నవ్వుతడా, మొహం మాడ్చుకుంటడా అనేదే మాకు భయం. నవ్వుకుంటనే గిర్దావరుకు చెప్పిండు, "ఆ తక్కువైంది నా పేరు మీదున్నది, రాసుకోండ్రి సారూ. చేసేది మాత్రం మా లింగయ్యనే. వచ్చే కారు గూడ ఆయనే."

లేదని చెప్పిండు, చెప్పకుండనే. భూమి పోలే, మాట పోలే. ఎరువుల దుకాణమాయన ఆనాడు చాయ్ పైసలు తనే ఇచ్చిండు. ఉద్దెర సాగుతదని దాని అర్థం.

వచ్చేటప్పుడు బస్టాప్ కాడ శిరీష తండ్రిని అడిగింది, "నాయినా, ఆ మాట ముందే అనుకున్నవా?"

"లేదు బిడ్డా. మొదటి ముక్క అలవాటుకొద్ది వచ్చింది. రెండోది నిన్ను తలుసుకుంటే వచ్చింది."

నీకు చెప్పేది

కొత్త కాయితం వచ్చింది, సైటు మూయకముందే. శిరీష పేరు మంజూరైంది. మంజూరంటే పైసలు వచ్చినట్టు కాదు, అది వేరే కథ. ఆ ఏడు సారుకు రావాల్సింది రానే రాలే, ఆయన రోజూ "రాలే రాలే" అని కాకి లెక్క అరిచిండు. అయినా మంజూరైన పిల్లను ఎల్లగొట్టలేడు గదా. శిరీష బస్సు దిగి కాలేజీ దిక్కే మలిగింది.

నువ్వు ఆ కుర్చీల కూసుంటవ్ గనుక నాకు అర్థమైంది చెప్త. బండి మీద వచ్చి గడగడ లేదు లేదు అన్నోన్ని ఇంకో రెండు మాటలు అడుగు. చాయ్ తెప్పిచ్చి మాకేం తక్కువ అన్నోని కాడ మాత్రం కలం ఆపు. మా దిక్కు నిజం రెండో ముక్కల ఉంటది. మొదటి ముక్క విని రాసుకునేటోళ్లకు ఆఫీసులల్ల కొదువ లేదు. ఆఫీసరైనోళ్లు గూడ వాళ్లే.

నేను పని మానిన నాడు సూర్యాపేటలనే ఉన్న. సన్మానమని శాలువ కప్పిండ్రు. పలుచని శాలువ, ఇప్పుడు బియ్యం డబ్బ మీద కప్పిన. అది అయినంక అలవాటుకొద్ది పోయి నా స్టూలు మీద కూసున్న. కిటికీ కాడ లైనున్నది. ముంగట తుంగతుర్తి దిక్కు నుంచి వచ్చిన కొత్త పిల్ల, పక్కన తల్లి. వాళ్ల వెనుక ఆఖరు సంవత్సరం శిరీష, ఆ ఏటి కాయితాలు పట్టుకొని.

సత్యం అర్జీ నింపుకుంట ఆ తల్లిని అడిగిండు, "ఏమున్నదమ్మా మీకు?"

"మాకేం తక్కువ సారూ" అన్నది ఆ తల్లి.

సత్యం కలం కదిపిండు. వెనుకకెల్లి శిరీష చెయ్యి చాపి కిటికీ చెక్క మీద మెల్లగ కొట్టింది.

"ఆగుండ్రి సార్. ఇంకో ముక్క ఉంటది."

సత్యం నా దిక్కు చూసిండు. కలం ఎత్తి పట్టుకున్నడు. ఆ తల్లి కొంగు సర్దుకున్నది, బిడ్డ భుజం మీద చెయ్యేసింది.

"దీని నాయిన ఒక్కడే తక్కువ" అన్నది.

సత్యం అదే ముక్క రాసుకున్నడు. లేచి, తన పక్కనున్న కుర్చీ తలుపులకెల్లి తెచ్చి కిటికీ అవతల వేసిండు.